స్టెల్లా మేరీ కూలీలు

హర్షవర్ధన్‌కి కాలిపోయిన బోటు తాలూకు డబ్బులొచ్చాయి. అదే బోటులో కాలిపోయిన మా బావ శౌరయ్య తాలూకు డబ్బులు మా చెల్లెలికి రాలేదు. చెక్కకి ఇన్సూరెన్సు ఉంది, మనిషికి లేదు. ముందు ఈ మాట చెప్పి తర్వాత కథలోకి వస్తాను. పేరు దాచను. హర్షవర్ధన్, తండ్రి హనుమయ్య, ఇల్లు విజయవాడ భవానీపురం, ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర అద్దాల మేడలో. పరువునష్టం దావా వేసుకుంటానంటే వేసుకోమనండి. నా మీద ఇప్పటికే కేసులున్నాయి, ఇంకోదానికి చోటుంది.

నా పేరు నతానియేలు. బందరుకి దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే మొగ పక్కన రేవుపాలెం మాది. ఆరో తరగతి మధ్యలో బడి మానేశాను. కాలేజీ పిల్లలూ, మిల్లుల్లో పనిచేసేవాళ్ళూ చదువుతారు, ఉన్నది ఉన్నట్టు రాసివ్వమని యూనియన్ అమ్మాయి శాలిని అడిగింది కాబట్టి రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. విషయంలో తప్పుల్లేవు.

ముందు బోటు సంగతి చెప్పాలి.

కాలిపోయిన రోజున దాని ముక్కు మీద ‘శ్రీ కనకలక్ష్మి’ అని ఉంది. ఆ రంగు గీకితే కింద ఇంకో పేరు కనపడేది. స్టెల్లా మేరీ. సముద్రం మీద దారి చూపే చుక్క అని మా ఫాదర్ గారు చెప్పి పెట్టిన పేరు. తుఫానుకి నాటు పడవలన్నీ పోయాక మా పేటలో ఐదు కుటుంబాలు సొసైటీగా చేరి, గవర్నమెంటు అప్పు తీసుకుని, కాకినాడ అవతల వడ్రంగుల చేత కట్టించిన బోటు అది. మా నాన్న అందులో ఒకడు. పాల్ బాబాయి వాళ్ళ నాన్న ఇంకొకడు. మూడు కుటుంబాలు మేము, కిరస్తానీలం, రెండు కుటుంబాలు హిందువులు. బోటు రేవుకొచ్చిన రోజున ఫాదర్ గారు దీవించిన నీళ్ళు చల్లారు, వాళ్ళు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టారు. పేట పేటంతా ఒడ్డున నిలబడి చూసింది. నేను పుస్తకాల సంచీ ఇంట్లో విసిరేసి బోటెక్కాను. మళ్ళీ బడి మొహం చూడలేదు. మన సొంత బోటు ఉండగా చదువెందుకు అనుకున్నాం ఇంటిల్లిపాదీ.

దాన్ని మా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేదు. లాక్కుంటే కొట్లాడేవాళ్ళం. హనుమయ్యకి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఐసు లేకుండా వేటకెళ్ళలేం. అప్పు మీద ఐసు పోశాడు. పోసినందుకు సరుకు తనకే అమ్మాలన్నాడు. తనకే అమ్మినందుకు రేటు తనే చెప్పాడు. ఇంజను చెడిపోయిన ఏడాది బాగుచేయించాడు. ఆ ఏడాది ఆఖరికి కాగితాలన్నీ ఆయన బీరువాలో ఉన్నాయి, బోటు మీద ఆయన భార్య పేరుంది. సొసైటీలో సంతకం పెట్టినవాళ్ళే అదే బోటులో వేటకెళ్ళారు. మా నాన్న ఆ కొత్త పేరు వైపు చూడకుండా ఎప్పుడూ వెనకనుంచి ఎక్కేవాడు.

హనుమయ్య తెలివైనవాడు. అందరినీ కూచోబెట్టి టీ ఇప్పించి, “బోటు నా పేరు మీదుంటే ఏంటయ్యా, మీరేమన్నా నా కూలోళ్ళా? వాటాదారులు!” అన్నాడు.

ఆ మాటకి మేం పడిపోయాం. అది మా బలహీనత అని ఆయనకి తెలుసు. మా రేవులో ఒక పద్ధతుంది. సరుకు అమ్మాక డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేసి, మిగిలినదాంట్లో సగం బోటుకి, సగం మనుషులకి. మనుషుల సగాన్ని బోటు మీద వల పరిచి దాని మీద కుప్పలుగా పెడతారు. ఎవరి చేతికీ ఎవరూ ఇవ్వరు. ఎవడి కుప్ప వాడే వంగి తీసుకుని కళ్ళకద్దుకుంటాడు. కూలి అయితే ఒకడు చెయ్యి చాపాలి, ఇంకొకడు అందులో పెట్టాలి. మేం చెయ్యి చాపేవాళ్ళం కాదు. పక్కనే రొయ్యల చెరువుల్లో మేత చల్లే కూలీలని, చేలల్లో నాట్లేసే కూలీలని చూసి మా ఆడవాళ్ళు కూడా “పాపం కూలోళ్ళు” అనేవాళ్ళు. మా ఇళ్ళల్లో గంజి కూడా లేని రోజున అనేవాళ్ళు.

హనుమయ్య పోయాడు, కొడుకొచ్చాడు. కుప్పల పద్ధతి మాత్రం పోలేదు. దానికి హర్షవర్ధన్‌కి రూపాయి ఖర్చు లేదు మరి.

ఖర్చయ్యేవి మాత్రం చెయ్యలేదు. బోటు పలకలు పుచ్చిపోయాయి. మార్చకుండా పైన ఫైబరు పూత పూయించాడు, కొత్త పెళ్ళికూతురిలా మెరిసింది. పాత లారీ ఇంజను తెచ్చి బిగించాడు. పొగగొట్టం చుట్టూ వేడి తగలకుండా ఉండాల్సిన చుట్టు ఊడిపోయింది. ఇంజను చూసుకునే శౌరయ్య ట్రిప్పు ట్రిప్పుకీ అడిగాడు. ఆఖరికి తనే గోనె సంచులు చుట్టి, తాడేసి కట్టి, ఆరినప్పుడల్లా సముద్రం నీళ్ళు పోసి తడిపేవాడు. మాకు అది అలవాటైపోయింది. అన్నం వండినట్టు, వల లాగినట్టు, గోనె తడపడం కూడా ఒక పని. ఎవడు ఖాళీగా ఉంటే వాడు మగ్గుతో పోసేవాడు. లైఫ్ జాకెట్లు కొన్న మాట నిజమే. అవి ఐసు ఫ్యాక్టరీ గోడౌనులో ఉండేవి. తనిఖీ ఉన్నరోజు బోటెక్కి, సాయంత్రానికి దిగిపోయేవి.

ఇంక మంటల సంగతి.

మిట్టమధ్యాహ్నం. బోటు నిండా రొయ్య. తీరం గీతలా కనపడే దూరానికొచ్చాం. అక్కడికొస్తే ఫోన్లకి సిగ్నలు అందుతుంది. బోటు నడిపే సరంగు పాల్ బాబాయి. ఆయన ఫోను మోగింది. ఇంజను చప్పుడులో వినపడదని స్పీకరు పెట్టాడు. అందరం విన్నాం.

“సరంగు గారూ, ఎక్కడున్నారండీ?” హర్షవర్ధన్ మేనేజరు సాయిగణేష్.

“మొగకి దగ్గరకొచ్చేశాం. పొద్దు వాలేలోపు రేవులో ఉంటాం.”

“అట్టా అయితే ఎట్టాగండీ! లారీ వెళ్ళిపోద్ది. రేపటికి రేటు పడిపోద్దంట. బాబుగారు లైన్లో ఉన్నారు, మాట్లాడండి.”

హర్షవర్ధన్ గొంతు మెత్తగా ఉంటుంది. “పాల్ గారూ, ఫుల్లు మీద వచ్చేయండి. రేటొస్తే మీ వాటా కూడా పెరుగుద్దిగా. మీ మంచికే చెప్తున్నా.”

శౌరయ్య ఇంజను గదిలోంచి తల పైకెత్తాడు. మొహమంతా నూనె. “బాబుగారూ, నేను శౌరయ్యనండీ. గోనె తడుపుకుంటా వస్తన్నాం. ఫుల్లు ఇస్తే నీళ్ళు పోసేలోపే ఆరిపోద్దండీ.”

“ఇన్నాళ్ళూ రాలేదా శౌరయ్యా? నెక్స్ట్ ట్రిప్పుకి కొత్తది వేయిద్దాం.”

“పోయిన ట్రిప్పుకీ అదే అన్నారండీ.”

అవతల నవ్వు వినపడింది. “జోకులు బాగా వేస్తావయ్యా” అని ఫోను పెట్టేశాడు.

పాల్ బాబాయి ఫుల్లు ఇచ్చాడు. ఇవ్వకపోతే రేపు సరంగు ఇంకొకడు. శౌరయ్య కిందికి దిగుతూ నా వంక చూసి, “బావా, నీళ్ళు అందిస్తా ఉండు, ఆపమాక” అన్నాడు. బకెట్టుతో తోడి అందిస్తూనే ఉన్నాను. గోనె మీద పడగానే చుయ్యిమని ఆవిరి లేచేది. కాసేపటికి ఆవిరి బదులు పొగ లేచింది.

ఆ పక్కనే డీజిలు డ్రమ్ములు. ఆ పైనే నైలాను వలలు. అన్నిటి చుట్టూ ఆ మెరిసే ఫైబరు పూత. మామూలు చెక్క అయితే నానిన చెక్క గనక అంటుకోడానికి కొంత ఆలోచించేది. ఆ పూత ఆలోచించలేదు. పసుపు మంట, నల్ల పొగ, కరిగిన వల చుక్కలు చుక్కలుగా మీద పడుతుంటే చర్మం దాంతోపాటే ఊడొచ్చింది. నా ఎడం చెయ్యి చూస్తే ఇప్పటికీ మీకు తెలుస్తుంది.

“డీజిలు కట్టెయ్యాల! కట్టెయ్యకపోతే డ్రమ్ములు పేల్తాయి!” అని శౌరయ్య కిందనుంచి అరిచాడు. పైకి రావచ్చు. నిచ్చెన రెండు మెట్లు. రాలేదు. కిందికే పోయాడు. డీజిలు ఆగింది, ఇంజను ఆగింది. ఆయన రాలేదు.

జోయెల్ అని ఇంకొకడు, మా పేటలోనే ఉండే శౌరమ్మ ఒక్కగానొక్క కొడుకు, ముందు భాగంలో ఐసు గదిలో రొయ్యల మీద ఐసు సర్దుతున్నాడు. మూత ఇనుపది. వేడికి బిగుసుకుపోయింది. లోపల్నుంచి కొడుతున్నాడు. నేనూ పాల్ బాబాయీ పట్టుకుని లాగాం, అరచేతులు అంటుకుపోయాయి గాని మూత రాలేదు. ఆ కొట్టే చప్పుడు ఆగిపోయాక మేం నీళ్ళల్లోకి దూకాం. అది నేను ఎవరికీ వివరంగా చెప్పను. శౌరమ్మకి అసలు చెప్పలేదు, పొగకి ముందే స్పృహ పోయిందని చెప్పాం.

ఖాళీ క్యాన్లు, థర్మాకోలు పెట్టె మూతలు పట్టుకుని తేలాం. పక్క బోటువాళ్ళు పొగ చూసి వచ్చి లాక్కున్నారు. శౌరయ్యని తీశారు. జోయెల్ బోటుతో పాటే మునిగిపోయాడు. మునిగేముందు ముక్కు మీది కొత్త రంగంతా పొక్కులొచ్చి రాలిపోయింది. పాత అక్షరాలు ఒక్క నిమిషం కనపడ్డాయి. పాల్ బాబాయి నీళ్ళల్లో ఉండే దండం పెట్టాడు.

ఇంతవరకు జరిగింది మీకు పేపర్లో వచ్చి ఉంటుంది, నాలుగు లైన్లు. తర్వాత జరిగింది రాలేదు.

పనిలో చచ్చిపోయిన మనిషికి యజమాని నష్టపరిహారం కట్టాలని చట్టం ఉందని ఎవరో చెబితే మా చెల్లెలు ఎలిజబెత్ అర్జీ పెట్టింది. ఇద్దరు ఆడపిల్లలు దానికి. విచారణకి అందరం వెళ్ళాం. లేబరు ఆఫీసరు చెడ్డవాడేం కాదు, ఫైళ్ళ మధ్య అలిసిపోయిన మనిషి. హర్షవర్ధన్ తరఫు లాయరు లేచి పాల్ బాబాయిని ఎంతో మర్యాదగా అడిగాడు.

“పాల్ గారూ, మీరంతా హర్షవర్ధన్ గారి దగ్గర కూలికి పనిచేస్తున్నారా అండీ?”

పాల్ బాబాయి వెన్ను నిటారైంది. అరవై దాటిన మనిషి, చేతులకి ఇంకా కట్లున్నాయి. “కూలేందండీ? మా తాతల కాడ్నుంచి ఎవడి కిందా కూలి చెయ్యలా. మేం వాటాదారులం.”

“జీతం ఇచ్చేవారా?”

“మా చేతిలో ఎవరూ పెట్టరండీ. మాది మేమే తీసుకుంటాం.”

ప్రాణాలతో మిగిలిన మిగతావాళ్ళనీ అడిగాడు. అందరిదీ అదే మాట. గట్టిగా, ఒకడికంటే ఒకడు గట్టిగా. ఎలిజబెత్ పక్కనే కూచుని ఉంది. దానికీ ఆ మాటలో తప్పు వినపడలేదు. మొగుడికి గౌరవం ఇచ్చారనుకుంది. బయటికొచ్చాక లాయరు పాల్ బాబాయికి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు.

ఉత్తర్వు వేసవిలో వచ్చింది. అప్పుడు చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటు పెట్టే వేట నిషేధం, బోట్లన్నీ రేవులోనే ఉన్నాయి. విజయవాడ నుంచి యూనియన్ తరఫున వచ్చిన శాలిని మా వాకిట్లో కూచుని చదివి చెప్పింది. చనిపోయిన శౌరయ్య పనివాడు కాదు. వ్యాపారంలో భాగస్వామి. కనుక పరిహారం లేదు. జోయెల్‌దీ అంతే.

“భాగస్వామంటే?” అంది ఎలిజబెత్.

“ఓనరు లాంటివాడని అక్కా.”

“మా ఆయన ఓనరా?” అని నవ్వింది అది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది.

అదే వారం సాయిగణేష్ బైకు మీద వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే వదిలి, ఎంతో వినయంగా, “అక్కా, తప్పుగా అనుకోమాకండి, నాదేం లేదు” అంటూ మొదలెట్టాడు. కాలిపోయిన ట్రిప్పుకి డీజిలు, ఐసు, తిండి ఖర్చు అయింది. సరుకు రాలేదు. వాటాదారులు గనక ఆ నష్టంలో సగం మనుషుల మీద పడుతుంది. తలా ఇంత. “పోయినోళ్ళది కూడా వేశారు. బాబుగారు మెల్లగానే కట్టమన్నారండీ.”

“మా ఆయన కాలిపోయిన డీజిలుకి నేను డబ్బులు కట్టాలా తమ్ముడూ?” అంది ఎలిజబెత్.

సాయిగణేష్ చెప్పులు చేత్తోనే పట్టుకుని బైకు దాకా నడిచాడు.

ఆ ప్రశ్న సాయంత్రానికల్లా పేటంతా తిరిగింది. ఇంటింటా అదే. ఆదివారం పూజ అయ్యాక చేపల వేలం షెడ్డులో మీటింగు పెట్టాం. అరవై బోట్ల మనుషులు, వాళ్ళ ఆడవాళ్ళు, ఎండుచేప అమ్మేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు. పైన రేకులు, కింద మనుషులు, లోపలంతా ఆవిరి. శాలిని చెప్పింది, మళ్ళీ విచారణ అడగొచ్చు, కానీ ముందు చెప్పింది తప్పని అందరూ చెప్పాలి. మేం కూలీలం అని చెప్పాలి.

షెడ్డు భగ్గుమంది.

“అదేం కుదరదమ్మాయ్!” పాల్ బాబాయే ముందు లేచాడు. “స్టెల్లా మేరీకి మా నాన్న యజమాని. నేను కూలీనని ఎట్టా చెప్పేది?”

“ఏంటండీ, కూలీ అంటే అంత కంపు కొడుతోందా?” శాలిని గొంతు చిన్నదేగాని వదిలిపెట్టే రకం కాదు. “మా నాన్న మార్కెట్లో ముఠా కూలీ. బస్తాలు మోసి నన్ను లా చదివించాడు. మీరు ముక్కు మూసుకుంటే నేను ఎక్కడ కూచోవాలి చెప్పండి.”

నవ్వులు. పాల్ బాబాయి నవ్వలేదు. “నిన్ను అనలేదమ్మా.”

“నన్నే అన్నారు.”

వెనకనుంచి ఎవడో కుర్రాడు, “కూలీలని రాయించుకుంటే వాటా తీసేసి రోజుకింత అని పడేస్తారు! ఉన్నదీ పోద్ది!” అని అరిచాడు. దానికి చాలామంది తలలూపారు. భయం న్యాయమైనదే. శాలిని ఆ కుర్రాడి వైపు తిరిగింది. “పడేస్తానంటారు. వాటా తీసుకునేవాడు కూడా పనివాడే అని మనం గట్టిగా నిలబడితే పడెయ్యలేరు. నిలబడకపోతే పడేస్తారు. అంతకంటే నేను హామీ ఇవ్వలేను” అంది. అబద్ధం ఆడలేదు. అందుకే షెడ్డు కొంచెం సద్దుమణిగింది.

అప్పుడు ఎలిజబెత్ లేచింది. అది మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. పాల్ బాబాయికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“బాబాయ్, వల మీద కుప్పలు పోసేదెవరు?”

“సాయిగణేష్.”

“ఖర్చు ఇంత అయిందని చెప్పేదెవరు?”

“వాడేగా.”

“రొయ్య రేటు?”

“బాబుగారు చెప్తాడు.”

“ఎప్పుడెళ్ళాలి, ఎప్పుడు రావాలి?”

“... బాబుగారే.”

“ఆ రోజు ఫుల్లు ఇమ్మన్నదెవరు బాబాయ్?”

పాల్ బాబాయి కాలిన తన అరచేతుల వంక చూసుకున్నాడు.

“అన్నీ ఆయన చేస్తే, మనం వంగి తీసుకున్నాం గాబట్టి వాటాదారులమయ్యామా? చేతిలో పెడితే కూలీ, నేల మీద పెడితే ఓనరా? మా ఆయన గోనె తడపటానికి ఓనరు, పొగగొట్టానికి కొత్త చుట్టు వేయించటానికి కాదా?”



“నాన్న ముందు ఎట్టా నిలబడనే తల్లీ...” అన్నాడు పాల్ బాబాయి. అది సరంగు గొంతు కాదు, ముసలివాడి గొంతు.

“తాత ఓనరే బాబాయ్. ఆయన కొడుకుని కూలీని చేశారు. సిగ్గు చేసినోళ్ళకుండాలి, నీకెందుకు?”

శౌరమ్మ ఆ మూలనుంచి లేచింది. కొడుకు పోయాక ఆవిడ మాట్లాడటం దాదాపు మానేసింది. “నా పిల్లోడు ఓనరని ఐసు గదిలో పెట్టి మూసేశారా?” అంది. అంతే. కూచుంది.

ఇంక ఎవరూ చేతులెత్తమనలేదు. అన్నీ లేచాయి. పాల్ బాబాయి చెయ్యి ఆఖరున లేచింది.

నిషేధం అయిపోయిన రోజు మా రేవుకి పండగలా ఉంటుంది. బోట్లకి రంగులు, జెండాలు, ఐసు నిండా పోసి ఉంటారు, తెల్లారేసరికి అన్నీ ఒకదాని వెనక ఒకటి మొగ దాటిపోతాయి. ఆ ఏడాది తెల్లారింది. ఒక్క ఇంజనూ మోగలేదు. బోట్ల మీద పనిచేసే కళాసీలందరం దిగి ఒడ్డున కూచున్నాం. మళ్ళీ విచారణ జరగాలి, ఇక్కడ, మా మొహాల ముందు జరగాలి, అప్పటిదాకా కదలం. పొద్దెక్కేకొద్దీ బోట్లలో ఐసు కరిగి పక్కలనుంచి కారింది. ఇంజన్లు లేని రేవులో ఆ నీళ్ళ చప్పుడు అంతదాకా మేమెవరం వినలేదు.

హర్షవర్ధన్ తెల్ల కారులో వచ్చాడు. దిగి, నల్ల కళ్ళద్దాలు తీసి, “పాల్ గారూ, మనలో మనకి గొడవేంటండీ? మనం పార్ట్‌నర్లం కదా” అన్నాడు.

“అయితే బాబూ,” అన్నాడు పాల్ బాబాయి కూచునే, “భవానీపురం ఇంట్లో మా వాటా గది ఏదో చెప్పండి, సామాను తెచ్చుకుంటాం.”

ఒడ్డు ఒడ్డంతా గొల్లున నవ్వింది. హర్షవర్ధన్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

మర్నాటికి రెండు బస్సుల్లో శ్రీకాకుళం నుంచి మనుషుల్ని దింపారు, మా బదులు బోట్లెక్కడానికి. మా ఆడవాళ్ళు చేపల గంపలు బోర్లించి బస్సులకి అడ్డంగా కూచున్నారు. ఎలిజబెత్ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ముందు బస్సు టైరు దగ్గరే కూచుంది. వాళ్ళల్లో పెద్దమనిషి దిగి, “ఏటమ్మా ఇది, మా బతుకు తెరువుకొచ్చాం” అన్నాడు. ఎలిజబెత్ చెప్పింది. గోనె సంగతి, డీజిలు లెక్క సంగతి. ఆయన విని బస్సులో తొంగి చూసి, “మనల్నీ వాటా కిందే గదరా తెచ్చారు?” అని అడిగాడు. తర్వాత ఒక్కొక్కడే సంచీలతో దిగారు. మా పక్కనే కూచున్నారు.

నాలుగో రోజుకి ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయి. అప్పుడు రొయ్యల చెరువుల కూలీలు ట్రాక్టరు మీద బస్తాలు తెచ్చారు. వాళ్ళ మేస్త్రీ రావమ్మ అని గట్టి మనిషి, పెద్ద గిన్నె దింపుతూ, “ఏం వాటాదారు గారూ, మా కూలోళ్ళ అన్నం దిగుద్దా గొంతులో?” అంది పాల్ బాబాయిని చూసి.

“దిగుద్దమ్మా. పప్పు కూడా పొయ్యి” అన్నాడాయన.

అదే మొదటిసారి మేం వాళ్ళ పక్కన కూచుని తినడం. తరాలుగా ఒకే కాలవ నీళ్ళు తాగుతూ ఒక్కసారీ కూచోలేదు. యూనివర్సిటీ పిల్లలూ, ఈ ముక్క మాత్రం రెండుసార్లు చదవండి.

వారం తిరిగేసరికి ఆఫీసరు వచ్చాడు, రావాల్సి వచ్చింది. వేలం షెడ్డులోనే బల్ల వేశారు. లాయరు లేచి, ఇదివరకు వీళ్ళే ఇంకో రకంగా చెప్పారని, ఇది బెదిరింపు కింద చెప్పించడమని అభ్యంతరం పెట్టాడు. ఆఫీసరు రాసుకుని, పాల్ బాబాయిని పిలిచాడు.

పాల్ బాబాయి తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. చేతుల కట్లు పోయాయి, చర్మం ఇంకా గులాబీ రంగులో మెరుస్తోంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

“రాసుకోండి. పేరు పాల్. పని, కూలీ. బోటు మీద కూలీ.”

“ముందు వాటాదారు అన్నారు కదా?” లాయరు.

“అన్నానండీ. బుద్ధిలేక అన్నా. ఎటెళ్ళమంటే అటెళ్ళేవాణ్ణి, ఆగమంటే ఆగేవాణ్ణి, చావమంటే చచ్చేవాణ్ణి. ఇట్టాంటివాణ్ణి మీ పుస్తకాల్లో ఏమంటారో అదే రాయండి.”

తర్వాత నేను. తర్వాత మిగిలినవాళ్ళు. అక్కడితో అయిపోవాలి, విచారణ మా బోటుదే కాబట్టి. కానీ పక్క బోటు సరంగు లేచి, “నేనూ కూలీనే, రాసుకోండి” అన్నాడు. మీది అవసరం లేదన్నాడు ఆఫీసరు. “మాకు అవసరం” అన్నాడతను. వెనకవాడు లేచాడు. వాడి వెనకవాడు. శ్రీకాకుళం వాళ్ళు లేచారు. లైను షెడ్డు దాటి, ఒడ్డు దాటి, బోట్ల దాకా పోయింది. తరాలుగా నోటికి రానివ్వని మాట. ఒక్కొక్కడే బల్ల ముందుకొచ్చి పేరు చెప్పి, ఆ మాట చెప్పి పోయాడు. ఆఫీసరు కలం కొంతసేపటికి ఆగిపోయింది. ఊరికే వింటూ కూచున్నాడు.

ఆయన జీపు గేటు దాటగానే పోలీసు వ్యాన్లు లోపలికొచ్చాయి. రేవుని అడ్డగించామట, బయటి మనుషుల్ని నిర్బంధించామట. లాఠీలు ముందు లేచాయి, కారణాలు తర్వాత చెప్పారు. పాల్ బాబాయిని పాత గాయాల మీదే కొట్టారు. చర్మం పగిలింది. శాలినిని జుట్టు పట్టి లాగారు. నలభై ఒక్కమందిని ఎక్కించారు. తన పేరు లేదని వదిలేస్తే, వ్యాను వెనక తలుపు పట్టుకుని ఎలిజబెత్ తనే ఎక్కింది. “నువ్వు కాదమ్మా, దిగు” అన్నాడు కానిస్టేబులు.

“నేను కూలీ పెళ్ళాన్ని. నా కేసే ఇది. జరుగు” అంది.

వ్యాను కదిలితే రేవంతా వెంట పరిగెత్తింది. ఆ సాయంత్రం నిజాంపట్నం వైపు రేవుల్లో కూడా బోట్లు ఆగాయని స్టేషన్లో మాకు తెలిసింది. టీ తెచ్చిన కుర్రాడు చెప్పాడు.

తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. శౌరయ్య పనివాడే. జోయెల్ పనివాడే. ఇద్దరికీ యజమాని కట్టాలి. హర్షవర్ధన్ హైకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నాడు. డబ్బు ఇంకా రాలేదు. వాయిదాలకి ఎలిజబెత్ ఒక్కతే వెళ్ళదు, ప్రతిసారీ ఒక బస్సు నిండా వెళతారు, అందులో చెరువుల కూలీలు సగం. ఈ ఏడాది నిషేధం అయ్యాక మా బోట్లు ఎక్కేముందు పొగగొట్టాలు చూసి, జాకెట్లు లెక్కపెట్టి, అవి లేని మూడు బోట్లని కదలనివ్వలేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

మొన్న విజయవాడ మీటింగులో ఒక కుర్రాడు లేచి, “అంకుల్, ఇంత చేసి మీకేం వచ్చింది?” అని అడిగాడు. వచ్చినదాని లెక్క మా చెల్లెలు చెబుతుంది, దాని పేరు మీద ఉత్తర్వుంది. పోయినదాని లెక్క నేను చెప్పగలను. రేవు ఆగిన రోజుల్లో తిండికి, నలభై ఒక్కమందికి బెయిలుకి, లాయరుకి నా భాగం కింద అమ్ముకున్నాను. ఉప్పు కాలవ పక్కన, తూర్పు ముఖం, మా నాన్న పేరున ఉన్న ఒకే ఒక్క నేల. ఏడున్నర సెంట్లు.